దుల్మా చెప్పాల్సిన పాఠం

తక్ ఇన్‌సన్ కొరియాలోని అన్సాన్‌లో ఫ్యాక్టరీల పక్క బడిలో చాలా ఏళ్లు పనిచేసి, ఇప్పుడు టీచర్లను తయారుచేసే కాలేజీలో ప్రొఫెసర్ అయింది. ఆ బడిలో సగంమంది పిల్లలు పరాయి దేశాల నుంచి కూలికొచ్చిన వాళ్ల బిడ్డలే. కాలేజీలో మాత్రం వాళ్ల ఊసే ఉండదు. రేపటి టీచర్లు ఆ పిల్లల గురించి ఒక్క ముక్కయినా తెలియకుండానే బళ్లలో అడుగుపెడతారు. అది చూడలేక ఇన్‌సన్ తోటి ప్రొఫెసర్లను నెలకోసారి కూర్చోబెట్టేది. వలస కుటుంబాల సంగతులు ఎవరి పాఠంలోకి వాళ్లు ఎలా తెచ్చుకోవచ్చో మాట్లాడుకునేవారు.

లెక్కలు చెప్పే మోక్ పెద్దాయన. మాటకు మాట అంటించడం ఆయనకు సరదా.

"కూడికకి పాస్‌పోర్టెందుకమ్మాయ్? ఏ దేశం పిల్లాడికైనా రెండూ రెండూ నాలుగే కదా."

"ఆ పిల్లాడు రేపట్నుంచి బడికి రాకుండా మాయమైపోతే, మీ నాలుగు ఎవరికి చెప్తారు సార్?" అంది ఇన్‌సన్.

అందరూ నవ్వారు. ఆయనా నవ్వాడు. "నోరుగలదానివే. సరే, ఇన్ని చెప్పే బదులు అలాంటి మనిషినొకర్ని తీసుకురారాదూ? ఎదురుగా కూర్చుని వింటే ఈ ముసలి బుర్రకీ ఎక్కుతుందేమో."

ఇన్‌సన్‌కు వెంటనే దుల్మా గుర్తొచ్చింది. మంగోలియా నుంచి వచ్చి, వీసా గడువు దాటినా వెళ్లకుండా ఉండిపోయి, ప్లాస్టిక్ ఫ్యాక్టరీలో పనిచేస్తోంది. ఆమె కూతురు నోమిన్ ఇక్కడే పుట్టింది. ఇన్‌సన్ ఆ బడిలో ఆఖరుగా చెప్పిన తరగతిలో చదువుకుంది. ఆ పిల్లకు కొరియన్ తప్ప మరో భాష రాదు.

"ప్రొఫెసర్లకి నేను పాఠం చెప్పాలా?" దుల్మా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది. తర్వాత నవ్వు ఆగిపోయింది. "బయటికి రావాలంటే భయం టీచర్‌గారూ. పని, ఇల్లు, అంతే నాకు."

"నేనే వచ్చి కార్లో తీసుకెళ్లి, మళ్లీ దింపేస్తాను. సరేనా?"

దుల్మా ఒప్పుకుంది.

ఆ రోజు కాలేజీ డీన్ చెప్పాపెట్టకుండా సమావేశానికి వచ్చి కూర్చున్నాడు. ఆయన్ని వదిలి బయల్దేరడం ఇన్‌సన్‌కు కుదరలేదు. ఫోన్ చేసింది. "ఏమీ అనుకోకు దుల్మా, బస్సులో రాగలవా?"

"వస్తాలెండి. దగ్గరేగా."

అందరూ కమలాపళ్లు ఒలుచుకుంటూ ఎదురుచూశారు. మోక్ రెండుసార్లు తలుపు దాకా వెళ్లి చూసొచ్చాడు. బార్లీ టీ చల్లారింది. అప్పుడు ఇన్‌సన్ ఫోన్ మోగింది.

"టీచర్‌గారూ, ఇమిగ్రేషన్‌వాళ్లు బస్టాపులో పట్టుకున్నారు. వ్యానులో ఉన్నా. నోమిన్‌కి బడి వదిలేస్తారు. తాళంచెవి నా దగ్గరే ఉండిపోయింది." ఫోన్ ఆగిపోయింది.

ఇన్‌సన్ ఎవరికీ ఏమీ చెప్పకుండా పరుగెత్తింది.

బడి గేటు దగ్గర ఆమెను చూడగానే నోమిన్ ఎగురుకుంటూ వచ్చింది. "టీచర్! మా అమ్మ బాగా చెప్పిందా? మధ్యలో తడబడిందా? వారం నుంచీ నేనే నేర్పుతున్నా. 'నమస్కారమండీ, నేను నోమిన్ వాళ్లమ్మని' అనమంటే, 'నేను నోమిన్ అమ్మగారిని' అంటుంది!"

ఇన్‌సన్ పిల్ల ముందు మోకాళ్ల మీద కూర్చుని జరిగింది చెప్పింది. నోమిన్ ఏడవలేదు. "అయితే అమ్మ అసలు చెప్పనేలేదా?" అని మాత్రం అడిగింది.

ఇన్‌సన్ ఎక్కని గడప లేదు. లాయర్లను పట్టుకుంది, సంతకాలు సేకరించింది. మోక్ తన విద్యార్థులందరిచేతా సంతకాలు పెట్టించి తెచ్చాడు. ఏదీ పనికిరాలేదు. దుల్మాను మంగోలియా పంపేయాలనే తేల్చారు అధికారులు. పిల్ల కావాలంటే ఇక్కడే అనాథాశ్రమంలో ఉండవచ్చన్నారు. అమ్మతోనే వెళ్తానంది నోమిన్.

నిర్బంధ కేంద్రంలో గాజు పలకకు అవతల దుల్మా కూర్చుంది. ఇన్‌సన్ పలకకు దగ్గరగా జరిగింది. "నా వల్లే, దుల్మా."

దుల్మా కాదనలేదు. "కార్లో తీసుకెళ్తానన్నారు కదా టీచర్‌గారూ." తిట్టినట్టు లేదు ఆ మాట. జరిగింది జరిగినట్టు అంది, అంతే. తర్వాత, "నోమిన్‌కి మావైపు చలి తెలీదు. ఉన్ని కోటు కొనిపెట్టండి," అంది.

కోటు కొని, విమానాశ్రయంలో తనే తొడిగింది ఇన్‌సన్. కోటు చేతులు పొడుగయ్యాయి. రెండేళ్లు వస్తుందిలే అనబోయి ఊరుకుంది.

తర్వాతి సమావేశం మానేద్దామనుకుంది. మోక్ గదికొచ్చి తలుపు దగ్గరే నిలబడ్డాడు. "మనిషిని తెమ్మన్నది నేనమ్మాయ్. ఒక్కదానివే మొయ్యకు." ఇన్‌సన్ సమావేశానికి వెళ్లి, దాచకుండా అంతా చెప్పింది. డీన్ వచ్చిన సంగతి, తను చేసిన ఫోన్ సంగతి. ఆ ఏడాది మోక్ కూడా తన తరగతిలో దుల్మా సంగతి చెప్పడం మొదలుపెట్టాడు. ఇన్‌సన్‌కు అది ఊరటనివ్వలేదు.

నోమిన్ మంగోలియా రాజధాని ఉలాన్‌బాతర్ నుంచి మొదట్లో రోజూ ఫోన్ చేసేది. అక్కడి అక్షరాలు రాక తనకన్నా చిన్నపిల్లలతో కూర్చోబెట్టారట. పోనుపోను ఫోన్లు తగ్గాయి. వసంతంలో ఒక ఆదివారం మళ్లీ చేసింది.

"టీచర్, అమ్మమ్మ నాకొకటి కుట్టిచ్చింది. అదే... పడుకున్నప్పుడు తలకింద పెట్టుకుంటామే, దాన్ని కొరియన్‌లో ఏమంటారు?"

"దిండు," అంది ఇన్‌సన్.

"ఆఁ, దిండు." అవతల పిల్ల ఆ మాటను మెల్లగా మళ్లీ పలుక్కుంది. "దిండు. మర్చిపోయా టీచర్."