ముడతల చొక్కా

"వానొచ్చె, వాకిలి తీయవే చెల్లీ..."

లూవీనియా ఇస్త్రీ చేస్తూ రోజూ పాడుకునే పాట అది. కరోలినాలో చిన్నప్పుడు బఠానీలు ఒలుస్తూ నేర్చుకుంది. మొదటి వరుస దగ్గరే ఆగిపోతుంది. రెండోది ఎంత తన్నుకున్నా గుర్తురాదు. అక్కడ భర్త హోరేస్ బల్ల మీద వేళ్ళతో దరువు వేసేవాడు. "మాటలు దొరికేదాకా ఇది పెట్టుకో" అనేవాడు.

హోరేస్ పోయి పదకొండేళ్ళు.

బ్రాంక్స్‌లో ఆ వీధి పిల్లల బట్టలన్నీ లూవీనియా దగ్గరికే వస్తాయి. శనివారం పార్కులో పాటలంటే శుక్రవారానికే గుట్టలు. జీన్స్ మడత కత్తిలా నిలబడాలి. బూట్ల లేసులకి కూడా గంజి పెట్టించుకుంటారు. ఆమె ఇస్త్రీపెట్టె కింద ఆవిరి లేచినప్పుడు, ఆ బట్ట చివరిసారి విన్న పాట పైకొస్తుంది. ఒక్కసారే. చర్చి గౌనులోంచి కీర్తన, మూల కొట్టు రమోన్ చొక్కాలోంచి స్పానిష్ ప్రేమపాట, జీన్స్‌లోంచి డప్పులు. తర్వాత బట్ట మూగది. పాట కావాలనుకున్నవాళ్ళు కాస్త ముందొచ్చి కుర్చీ వేసుకుంటారు, అంతే.

ఆమె తలుపుకి గడియ మాత్రం పెట్టదు.

"ఈ నెల్లో మూడిళ్ళు దోచారు," అంది పక్కింటి అర్నెల్. "నీ ఇల్లు చూసి జాలేసి, ఏదైనా పెట్టిపోతారనా?"

"పెడితే నీకూ సగమిస్తాలే."

ఆ శుక్రవారం పైఅంతస్తు టవానా రెండు ముక్కలైన రికార్డు పట్టుకొచ్చింది.

"మా అన్న దీనిమీద కూర్చున్నాడు, మిస్ లూవీనియా. రేపు పార్కులో దీని దరువు మీదే నేను పాడాల్సింది. ఆడపిల్లకి మైకివ్వడమే గొప్పంటున్నారు అక్కడి మగపిల్లలు. అందరి దగ్గరా ఉన్న దరువు మీద పాడితే నవ్వుతారు. రేపు నవ్వారంటే ఇంకెప్పుడూ ఇవ్వరు."

లూవీనియా అలమర పైకి చూసింది. అక్కడ గోధుమరంగు కాగితం సంచీ ఉంది. రైలు స్టేషను మెట్ల మీద హోరేస్ కూలిపోయిన రోజు, ఆస్పత్రివాళ్ళు అతని చొక్కా అందులో పెట్టి ఇచ్చారు. ముడతలు ముడతలుగానే ఉంచింది. ముడతలున్నంతకాలం అతని గొంతు అందులో ఉంటుంది. ఒక్కసారి పెట్టె తగిలిందా, ఇక ఉండదు.

"పోయి టేపురికార్డరు తెచ్చుకో, తల్లీ."

"ఆ చొక్కా వద్దు, మిస్ లూవీనియా. అదొక్కటే కదా మీకు..."

"పెట్టె వేడెక్కింది. కరెంటు దండగ చెయ్యకు."

టవానా టేపురికార్డరు తెచ్చాక, సంచీలోంచి చొక్కా తీసి చేతుల దగ్గర మొదలుపెట్టింది. ఆవిరిలోంచి హోరేస్ వచ్చాడు. కాస్త ఆయాసంగా, మెట్లెక్కుతూ పాడుతున్నాడు. "వానొచ్చె, వాకిలి తీయవే చెల్లీ..." లూవీనియా ఆవిరి మీదికి వంగింది. ఇప్పుడు రెండోది.

మాటలు రాలేదు. మెట్ల పక్క ఇనుప కమ్మీ మీద వేళ్ళ దరువు వచ్చింది. మళ్ళీ మొదటి వరుస, మళ్ళీ దరువు. అతనూ వెతుక్కుంటూనే ఉన్నాడు. ఆమె నెమ్మదిగా, బొత్తాము బొత్తాముకీ ఆగుతూ పెట్టె లాగింది. కాలరు దగ్గర పాట అయిపోయింది. చొక్కా తెల్లగా, నున్నగా, మామూలు చొక్కాలా బల్ల మీద ఉంది.

టవానా కళ్ళు తుడుచుకుని టేపు ఆపింది.

మర్నాడు పార్కులో ఆ దరువు తిరిగి తిరిగి మోగింది. ముందు హోరేస్ వరుస, తర్వాత ఖాళీ. ఆ ఖాళీలో టవానా తన మాటలు పెట్టింది: తడిసొచ్చిన అక్క గురించి, తలుపవతల నిలబడ్డవాళ్ళ గురించి. ఎవరూ నవ్వలేదు. నాలుగుసార్లు పాడించుకున్నారు. ఆ తర్వాత ఆ పేటలో పాటలకి ఏ కరపత్రం వేసినా పైన టవానా పేరే ఉండేది.

ఒళ్ళో మడతపెట్టిన చొక్కాతో చివరిదాకా కూర్చుని, లూవీనియా ఇంటికొచ్చింది. రెండో వరుస దొరికింది, కానీ దొరికింది వేరేవాళ్ళకి. గుమ్మంలో చాలాసేపు నిలబడింది. పదకొండేళ్ళలో మొదటిసారి గడియ పెట్టింది.

పదకొండేళ్ళ కిందట, కూలిపోయిన ఆ రోజు పొద్దున ఇదే గుమ్మంలో, ఇదే చొక్కాకి బొత్తాలు పెట్టుకుంటూ అన్నాడు హోరేస్:

"గడియ పెట్టకు, వీనీ. రెండో వరుస గుర్తొచ్చిందంటే సగం దారిలోంచే వెనక్కొచ్చేస్తా."