మూడు బారల తాడు

ఠక్, ఠక్ మని పడవ లోపలి నుంచి చప్పుడు వస్తూనే ఉంది. ఐవిన్ ఇంకా బతికే ఉన్నాడు.

గుడ్నీ నడుం లోతు చల్లటి నీళ్లలో నిలబడి, పక్కకు ఒరిగి మునిగిన తెరచాప పడవకు చెవి ఆనించింది. లోపల ఉన్నది ఆమె భర్త. బయటికొచ్చే తలుపు అడుగునున్న రాతికి అదుముకుపోయింది. పోటు మొదలైంది. లోపల మిగిలిన ఆ కాస్త గాలి అరగంటకు మించి ఆగదు. రక్షణ పడవ రావడానికి నలభై నిమిషాలు పడుతుందని ఫోన్లో చెప్పారు.

ఆమె చెల్లెలి మొగుడు ట్రుల్స్ పెద్ద రాయితో పడవ పొట్టను బాదుతున్నాడు. ఓక్ చెక్క చలించడం లేదు.

"నీ వల్లే!" అని అరిచింది గుడ్నీ. "మీ ఓస్లోలో సముద్రం జానెడు లేస్తుంది, జానెడు దిగుతుంది. స్నానం తొట్టిలో పడవ నడిపే మొహాలు! ఈ ఉత్తరాదిలో నిలువెత్తు దిగుతుందని నెత్తీ నోరూ కొట్టుకుని చెప్పానా లేదా?"

"చెప్పావు వదినా. అందుకే తాళ్లు మూడు బారలు వదులుగా కట్టాను."

"వదులుగా కడితే పడవ ఉట్టిలా వేలాడుతుందా? నోర్మూసుకుని కొట్టు!"

ట్రుల్స్ మళ్లీ రాయెత్తాడు.

పొద్దున నిండు పోటులో ఈ దీవి రేవుకు వచ్చారు. కడుపులో తిప్పుతోందని ఐవిన్ మాత్ర వేసుకుని పడుకున్నాడు. మిగిలిన ఇద్దరూ బెర్రీలు కోయడానికి కొండెక్కారు. తిరిగొచ్చేసరికి నీరు దిగిపోయి, పొట్టి తాళ్లకు వేలాడిన పడవ అవతలికి ఒరిగి, తెరిచిన చిన్న కిటికీలోంచి నీళ్లు నిండి, తాళ్లు కట్టిన పడవ గుంజలు ఊడి కూలిపోయింది.

పడవను తాడేసి లాగి చూద్దామని గుడ్నీ రేవు మెట్లెక్కింది. ఇనుప కడియానికి తాడు ఇంకా బిగిసి ఉంది. ముడి విప్పబోయి ఆగిపోయింది.

రెండు చుట్లు, కొస వెనక్కి దోపి ఉంది. ట్రుల్స్‌కు ఆ ముడి రాదు. అది ఆమె నాన్న నేర్పిన ముడి.

పొద్దున కొండెక్కబోతూ తానొక్కతే వెనక్కి వచ్చింది. పడవ రేవుకు కొట్టుకుంటోంది. ఒక్కో దెబ్బకీ లోపల ఐవిన్ మూలుగుతున్నాడు. రెండు తాళ్లూ లాగి బిగించింది. "ఇంక కదలదులే, హాయిగా పడుకో," అంది. తను పుట్టింది ఈ తీరానే. కానీ ఓస్లోలో కాపురమున్న ఇరవై ఏళ్లలో పట్టిన అలవాటునే చేతులు చేశాయి.

కింద ట్రుల్స్ చేతులు నెత్తురోడుతున్నాయి. ఉన్నట్టుండి రాయి కింద పెట్టి, చెవి ఆనించి విన్నాడు. చాలాసేపు విన్నాడు. తర్వాత తలెత్తి ఆమె వైపు చూడలేకపోయాడు.

రక్షణ పడవ సరిగ్గా చెప్పిన వేళకే వచ్చింది. నీళ్లలో దిగినవాడు పైకి తేలి, తల అడ్డంగా ఊపాడు.

రక్షణ పడవ నాయకుడు రేవు కడియానికి మిగిలిన తాడును చేత్తో కొలిచి చూశాడు. "నిండు పోటులో ఇంత బిగించి కట్టిందెవరు?"

"నేనే," అన్నాడు ట్రుల్స్. "దక్షిణాన ఓస్లో వాణ్ణి. తెలియలేదు."

"మీ పేరు?"

"రాయకండి," అంది గుడ్నీ.   "అతను కాదు. అతను వదులుగానే కట్టాడు. బిగించింది ఈ తీరాన పుట్టిన మనిషి. గుడ్నీ. నేనే."