పచ్చ వైరు

రోజూ పొద్దున ఎనిమిదింటికి షెడ్డు తలుపు తీసేది కూతురే. నేల ఊడ్చి, నిన్న రాలిన వైరు ముక్కలు ఏరి రేకు డబ్బాలో వేసి, టీ పెట్టి, అప్పుడు నాన్నను పిలిచేది. వీధంతా ఫ్యూజు తాత అని పిలిచే ఆ పెద్దాయన కళ్లకు శుక్లాలు వచ్చి రెండేళ్లయింది. వెలుగు తెలుస్తుంది గానీ రంగులు ఆనవు. అయినా లారీలో కరెంటు పని అంటే జనం ఆయన దగ్గరికే వస్తారు. బుర్ర తాతది, చేతులు కూతురివి.

తాత దగ్గర రెండు టెస్టు ల్యాంపులున్నాయి. ఒకటి మామూలుది. సూది గుచ్చిన వైరులో కరెంటు ఉంటే వెలుగుతుంది, లేకపోతే లేదు. రెండోది పాతది, గాజు కాస్త పొగచూరింది. అది ఒక రోజు ముందు నడుస్తుంది. రేపు ఇదే సమయానికి ఆ వైరులో కరెంటు ఉంటేనే ఇవాళ వెలుగుతుంది. కొందరి గడియారాలు ఐదు నిమిషాలు ముందు నడుస్తాయి, ఇది ఒక రోజు ముందు నడుస్తుంది, అంతే. "బండి బాగానే ఉంది కదా తాతా, ఎందుకు విప్పుతున్నావు?" అని ఎవరైనా అడిగితే, "రేపు బాగుండదురా" అని తాత తన పని తాను కానిచ్చేవాడు. అడిగినవాళ్లు కూడా తలూపి టీకి వెళ్లిపోయేవాళ్లు.

ఆ మంగళవారం షెడ్డులో ఉన్నది అల్లుడి లారీ. అల్లుడంటే పరాయివాడేం కాదు, తాతకు స్వయానా మేనల్లుడు. కూతురు చిన్నప్పట్నుంచీ బావా అనే పిలుస్తుంది. మనిషి బంగారం, కాకపోతే చెప్పింది సగమే వింటాడని ఆమె ఫిర్యాదు. పెళ్లయిన కొత్తలో వంటింటికి పచ్చ రంగు వెయ్యమంటే, ఒక్కరోజులో నాలుగు గోడలకీ పసుపు కొట్టి పెట్టాడు. ఆమె ఆకు రంగు అనుకుంది. అతను పచ్చంటే పసుపే కదా అన్నాడు. రెండు రోజులు మాటల్లేవు. గోడలు మాత్రం ఇప్పటికీ అలాగే ఉన్నాయి.

లారీ వయసు కూతురి వయసుకన్నా రెండేళ్లు ఎక్కువ. దాని జబ్బేమిటంటే, దారిలో ఉన్నట్టుండి లైట్లన్నీ పోతాయి. పది సెకన్లో, అర నిమిషమో. ఇంజను మాత్రం ఆగదు. పాత డీజిలు ఇంజను ఒకసారి అంటుకుందంటే దానికి కరెంటుతో పని లేదు, బండి గుడ్డిగా పరిగెడుతూనే ఉంటుంది. తీరా షెడ్డుకు తెచ్చి నిలబెడితే బుద్ధిమంతురాలిలా అన్నీ వెలిగించి చూపిస్తుంది. రెండు నెలల్లో ఇది నాలుగోసారి తేవడం.

"డాక్టరు గదిలోకి వెళ్లగానే నాకు దగ్గు ఆగిపోతుంది చూడు, అలాగే ఉంది దీని వేషం," అన్నాడు బావ.

"నవ్వకు. రేపు సొరంగం దాటాలి నువ్వు," అంది ఆమె.

మర్నాడు అతను కొండ అవతలి ఆసుపత్రికి ఆక్సిజన్ సిలిండర్లు తీసుకెళ్లాలి. కొండ కింద నాలుగు కిలోమీటర్ల సొరంగం, లోపల ఒక్క దీపం లేదు. అందుకే ఆమె పొద్దున్నే పాత ల్యాంపును లారీ బ్యాటరీకి తగిలించి పెట్టింది. అది వెలుగుతూ ఉంటే మనసుకు ధైర్యంగా ఉంటుంది. పక్కనే కూర్చుని ఫ్యూజులు ఒక్కొక్కటే తీసి గరుకు కాగితంతో రుద్దుతోంది.

ఉన్నట్టుండి ల్యాంపు ఆరిపోయింది.

బల్బు పోయిందేమోనని తీసి మూలనున్న ఇంకో బ్యాటరీకి పెట్టింది. వెలిగింది. మళ్లీ లారీ బ్యాటరీకి పెట్టింది. వెలగలేదు.

"టైమెంత?" అన్నాడు తాత, ఆమె చేతుల చప్పుడు ఆగిపోవడం విని.

"పదకొండు ఇరవై నాన్నా."

బావ టీ గ్లాసు కింద పెట్టాడు. "రేపు ఆ టైముకి నేను సొరంగం మధ్యలో ఉంటాను," అన్నాడు.

లైట్లు పోయినా, ఇంజను ఆగినా బ్యాటరీలో కరెంటు ఉంటుంది. బ్యాటరీలోనే లేదంటే ఇక బండే లేదని అర్థం. బండి లేకపోతే అందులో కూర్చున్న మనిషి సంగతి ఎవరూ నోటితో అనలేదు.

తర్వాత రెండు గంటలూ పిచ్చిపట్టినట్టు పని చేసింది. బ్యాటరీ టెర్మినళ్లు విప్పి తుప్పు గీకింది. ఇంజను నుంచి ఫ్రేముకు వెళ్లే ఎర్తు పట్టీ మార్చింది. లైట్ల స్విచ్చి మార్చింది. వైర్ల కట్టను జానెడు జానెడు చొప్పున పట్టుకుని ఊపి చూసింది. ఒకచోట రేకు అంచుకు రాసుకుని తోలు ఊడిన వైరు కనబడితే ప్రాణం లేచొచ్చింది, టేపు చుట్టింది. ప్రతిసారీ వెళ్లి ల్యాంపు చూసేది. చీకటే. నాలుగోసారికి పానా కింద పడేసింది.

"రేపు వెళ్లకు బావా," అంది చివరికి.

"సరే, వెళ్లను."

ఆమె ల్యాంపు వైపు చూసింది. వెలగలేదు.

"అబద్ధం. వెళ్తావు."

దొరికిపోయిన బావ తల వంచుకున్నాడు. "అక్కడ రేపు మధ్యాహ్నం దాకే సిలిండర్లున్నాయట. రెండో లారీ గేరుబాక్సు విప్పేసి ఉంది. ఊపిరాడక పడుకున్నవాళ్లకి నేనేమని చెప్పను? మా ల్యాంపు వెలగలేదని చెప్పనా?"

ఆమెకు ఏడుపొచ్చింది, కోపమొచ్చింది, అన్నిటికన్నా ఎక్కువగా భయమేసింది. అతను అన్నదాంట్లో తప్పేమీ లేదు. అదే ఆమెను మరీ భయపెట్టింది.

తాత స్టూలు మీద ముందుకు జరిగాడు. "మొదటిసారి లైట్లు పోయినప్పుడు దారిలోంచి ఫోన్ చేశావు కదరా. అప్పుడేం చేశావో మళ్లీ చెప్పు."

"నువ్వు చెప్పిందే మావయ్యా. డాష్‌బోర్డు కింద పచ్చ వైరు ఊడి ఉంటుంది, బాడీకి గట్టిగా బిగించు అన్నావు. బిగించాను. వెంటనే వెలిగాయి."

ఈ మాట అతను నాలుగుసార్లు చెప్పాడు, వాళ్లు నాలుగుసార్లు విన్నారు. బండంతా విప్పారు గానీ డాష్‌బోర్డు కింద ఆ వైరును కప్పే పలక ఒక్కటి మాత్రం తెరవలేదు. అల్లుడు తన చేత్తో బిగించి, బిగించానని చెప్పాక విప్పి చూస్తే అతని మాట నమ్మనట్టే కదా అని తాత మొహమాటం. ఐదోసారి విన్నప్పుడు మాత్రం కూతురికి వంటింటి గోడ గుర్తొచ్చింది.

"బావా, ఏ పచ్చ?"

"ఏ పచ్చేంటి? పచ్చే."

"చూపించు."

ఇద్దరూ క్యాబిన్ నేల మీద వెల్లకిలా పడుకున్నారు. ఆమె పలక విప్పి టార్చి వేసింది. అతను వేలు పెట్టి చూపించాడు. చక్కగా, వాషరు వేసి మరీ బిగించిన పసుపు వైరు. ఎప్పుడో తీసేసిన ఫ్యానుది. దాని రెండో కొస ఎక్కడా తగిలి లేదు.

దానికి నాలుగు వేళ్ల పైన ఆకుపచ్చ వైరు వేలాడుతోంది. క్యాబిన్ మొత్తానికి ఎర్తు అదే, అది తగలకపోతే లైట్లన్నీ పోతాయి. దాని కొసన బోల్టుకు తొడిగే ఇత్తడి కన్ను రేకుకు తగిలీ తగలకుండా ఉంది. ఆమె ఊదితే కదిలింది. ఆ రోజు అతను కట్టను కదిపినప్పుడు అదృష్టం కొద్దీ తగిలింది, లైట్లు వెలిగాయి. రెండు నెలలుగా ఈ మనిషి ఆ తగలడం మీదే బతికి ఇంటికొస్తున్నాడు.

"మావయ్య పచ్చ ఇదా?" అన్నాడు అతను చిన్న గొంతుతో.

ఆమె రేకు మీది పెయింటు మెరిసేదాకా గీకి, ఆ కన్ను బోల్టుకు తొడిగి, చెయ్యి నొప్పెట్టేదాకా బిగించింది. కిందికి దిగింది.

"వెలిగిందా?" అన్నాడు తాత. ఆయనకు వెలుగు తెలుస్తుంది. అయినా తన కళ్ల మీద నమ్మకం చాలక అడిగాడు. "అమ్మా, వెలిగిందా?"

ఆమె ఏడుస్తూనే తలూపింది. తలూపితే నాన్నకు కనబడదని గుర్తొచ్చి, "వెలిగింది నాన్నా," అంది.

మర్నాడు పదకొండు ఇరవైకి ఆమె వంటింట్లో నిలబడి ఉంది. పొయ్యి మీద నీళ్లు మరిగి మరిగి సగమయ్యాయి. ఫోను అరచేతిలో చెమటకు జారుతోంది. ల్యాంపు వెలిగింది కదా అని తనకు తానే ఎన్నిసార్లో చెప్పుకుంది. పదకొండున్నర అయింది. ముప్పై ఐదుకు ఫోను మోగింది.

"దాటాను," అన్నాడు బావ. "లోపల ఒక బస్సు ఆగిపోయి ఉంది. లైట్లు లేవు. జనం దిగి రోడ్డు మీదే నిలబడ్డారు. నా వెలుగులో ఒకామె చెయ్యెత్తడం కనబడింది. బ్రేకు తొక్కితే నాలుగు అడుగుల ముందు ఆగింది."

ఆమె పొయ్యి ఆపి, గోడకు ఆనుకుని కింద కూర్చుండిపోయింది.

"ఇంటికొచ్చాక వంటింటికి నువ్వడిగిన పచ్చే వేస్తాలే," అన్నాడు అతను.

ఆమె నాలుగు గోడలూ చూసింది.

"వద్దు బావా. ఇదీ పచ్చే."