శాంతి, గిరావీన్: కాదు

దేశం ఏమనుకుంటోందో దేశానికే లెక్కగట్టి చెప్పే వెబ్‌సైట్‌లో శ్రీపతికి ఉద్యోగం. రెండువేల సంవత్సరం రాగానే కంప్యూటర్లన్నీ కుప్పకూలతాయని బెదరగొట్టినవాళ్లు చప్పుడు చేయకుండా నోళ్లు మూసుకున్నాక, సిడ్నీలో ఇలాంటి కంపెనీలు పుట్టగొడుగుల్లా లేచాయి. ఇంగ్లండు రాణి మనకింకా కావాలా, ఒలింపిక్స్‌కు అంత ఖర్చు అవసరమా అంటూ వారానికో ప్రశ్న వేస్తారు. జనం అవుననో కాదనో నొక్కి, కింద రెండు ముక్కలు రాస్తారు.

ఖాళీ సైట్‌కు ఎవరొస్తారని మొదట్లో ఉద్యోగులంతా ఇంట్లోవాళ్లను చేర్పించారు. శ్రీపతి భార్యను చేర్పించాడు. శాంతికి అభిప్రాయాలకేం కొదవ? వంకాయల ధర నుంచి ప్రధానమంత్రి దాకా ఎవర్నీ వదిలేది కాదు. పక్కన వాళ్లుండే పేట పేరుతో ‘శాంతి, గిరావీన్’ అని కనపడితే ఆఫీసులో అందరూ పని ఆపి చదివేవారు.

చలికాలం మొదట్లో మెదడులో నరం చిట్లి శాంతి పోయింది. సైట్‌లోంచి ఆ పేరు తీసేయడానికి శ్రీపతికి చేతులు రాలేదు.

ఈ వారం ప్రశ్న పైవాళ్లు ఎంచారు. స్పృహ తిరిగిరాదని తేలిన మనిషికి ఊపిరి యంత్రం ఆపించే హక్కు కుటుంబానికి ఉండాలా? దీన్ని వద్దని శ్రీపతి అనలేకపోయాడు. మధ్యాహ్నం జవాబులు చూస్తుంటే తెరమీద ఒక కొత్త వరుస వచ్చింది.

‘శాంతి, గిరావీన్: కాదు.’

కింద ఇంగ్లీషులో ఇంకో మాట. ‘అందరి మాటలూ నాకు వినిపించాయి. నన్ను మాత్రం ఎవరూ అడగలేదు.’

శాంతికి ఊపిరి యంత్రం ఆపించింది శ్రీపతే. ఊరికే ఆపించలేదు. అంత పెద్ద నిర్ణయం ఒక్కడే తీసుకుంటే రేపు నలుగురూ వేలెత్తి చూపిస్తారని, ఇంటి హాల్లో ఫోన్ దగ్గర కూర్చుని తెనాలిలో బావమరిదిని, క్వేకర్స్ హిల్‌లో డాక్టర్ ఉమామహేశ్వరరావును, తమతో మాటలు మానేసిన పెద్దత్తను కూడా అడిగాడు. ఆమెను ఇంకా బాధపెట్టొద్దని అందరూ ఒకే మాట చెప్పారు. ఆమెకేమీ వినపడదన్నారు డాక్టర్లు. ఒకవేళ వినపడిందేమోనన్న భయం మాత్రం అప్పట్నించీ అతన్ని వదల్లేదు.

ఆ పేరుతో రాసేది ఇంట్లో కంప్యూటర్ నుంచే కదా అని ఇంటికి ఫోన్ చేశాడు. ఎంగేజ్‌డ్. ఇంటర్నెట్ వాడుతుంటే ఆ ఇంటి ఫోన్ అలాగే మోగుతుంది. కానీ కూతురు శ్రీదివ్య ఈ వేళకు నెట్‌బాల్ ఆడుతుంటుంది. ఇంట్లో ఎవరూ ఉండకూడదు. మళ్లీ చేశాడు, మళ్లీ అదే మోత.

ఇంటికి దగ్గరి పెండిల్ హిల్ స్టేషన్‌లో రైలు దిగి, పరుగులాంటి నడకతో ఇల్లు చేరాడు. తలుపు తీయగానే కంప్యూటర్ ముందు శాంతి కుర్చీలో, శాంతి బూడిదరంగు స్వెట్టర్ వేసుకుని, అటు తిరిగి ఒక మనిషి కూర్చుని ఉంది.

“శాంతీ!” అన్నాడు.

ఆ మనిషి ఇటు తిరిగింది. శ్రీదివ్య.

శ్రీపతి అక్కడే నేలమీద కూర్చున్నాడు. “అమ్మ పేరుతో రాసింది నువ్వా తల్లీ?”

“అమ్మ చెప్పేది, ఐ టైప్‌డ్. ఆల్వేస్.”

“అన్నీ వినిపించాయని రాశావేంటమ్మా? అమ్మకి వినపడిందేమోనని నా ప్రాణాలు పోయాయి.”

“దట్ వజ్ మీ, నాన్నా. నా రూమ్‌లోకి ఎవ్రీ కాల్ వినిపించింది. యూ ఆస్క్‌డ్ ఎవ్రీబడీ. మామయ్యని, ఉమా అంకుల్‌ని. నన్ను మాత్రం శ్యామసుందరి ఆంటీ ఇంటికి పంపించేశావ్.”

“చిన్నపిల్లవి కదా, నువ్వు చూడకూడదని...”

“ఐ వజ్ సిక్స్‌టీన్.”

లక్షలమందిని అడిగే ఉద్యోగం చేస్తూ ఇంట్లో పిల్లను అడగడం అతనికి తట్టనే లేదు. చివరికి కూతురి ఎదుట నేలమీద కూర్చునే అడిగాడు.

“ఇప్పుడు అడుగుతున్నానమ్మా. ఆరోజు అడిగుంటే ఏమనేదానివి?”



“యెస్ అనేదాన్ని, నాన్నా. బట్ ఐ వుడ్ హావ్ బీన్ దేర్. అమ్మ చెయ్యి పట్టుకునేదాన్ని.”

ఆరోజు ఆ గదిలో శాంతి కుడిచెయ్యి పట్టుకుని శ్రీపతి ఒక్కడే నిలబడ్డాడు. మంచం అవతలివైపు దుప్పటి మీద ఆమె ఎడమచెయ్యి ఖాళీగా పడి ఉండటం అతనికి ఇప్పుడు కనిపించింది.