పచ్చి వాసన పోయిన ఆలివ్ నూనె

మా ఇంట్లో దోసె వేసుకుందామంటే నూనె ఉండదు. అంటే, ఉంది. హాల్లో షోకేసులో, లైటు కింద ఆలివ్ నూనె సీసా ఉంది. ముట్టుకుంటే మా ఆవిడ అరుణజ్యోతి ఊరుకోదు. పల్లీ నూనె డబ్బాను గుండెకు మంచిది కాదని ఎప్పుడో వెళ్లగొట్టింది. అందుకని పెనం మీద నీళ్లు చల్లి, దోసెను గీక్కుని తింటున్నాను.

దీనంతటికీ కారణం దిల్‌సుఖ్‌నగర్‌లో ఉండే ఆమె అన్న సాయినాథ్. మొన్నటిదాకా టీకి, కాఫీకి తేడా రంగు చూసి చెప్పేవాడు. ఇప్పుడు ఫోన్‌లో ఆలివ్ నూనె రుచి చూసే కోర్సు చేసి, సర్టిఫికెట్‌కు ఫ్రేము కట్టించాడు. మంచి నూనె అప్పుడే కోసిన గడ్డిలా, టమాటా ఆకులా వాసన రావాలట. పండు నలిగినప్పుడు పుట్టే ఆల్డిహైడ్లనే రసాయనాల వల్ల ఆ వాసనట. వేడి, వెలుగు తగిలితే అది పోయి, పాత పల్లీల కంపు మిగులుతుందట. చిన్నప్పటి నుంచీ తన వంటను వెక్కిరించే ఆ అన్న చేత ఒక్కసారి 'బాగుంది' అనిపించుకోవాలని అరుణజ్యోతి ఆ సీసా కొంది.

ఆదివారం ఆయన భోజనానికి వస్తాడనగా, ఆమె కూరగాయలకు వెళ్లిన సమయంలో మా అమ్మ కిష్టమ్మ సీసా మూత తీసింది.

"గిదేంది కొడుకా, గడ్డి కోసిన చేను లెక్క కొడుతుంది? అంత పచ్చి వాసనే! అన్న ముంగట కోడలు ఇజ్జత్ ఏం గావాలె?"

మా ఇళ్లలో పచ్చి వాసనకు బతికే హక్కు లేదు. అమ్మ సీసా మొత్తం మూకుట్లో పోసి, చింతపండు ముక్క వేసి, పొగలొచ్చేదాకా కాచింది. చల్లార్చి మళ్లీ సీసాలో నింపింది.

"కోడలికి చెప్పకు. మనసు చిన్నబుచ్చుకుంటది."

నేను చెప్పలేదు.

సాయినాథ్ వచ్చాడు. నూనెను టీ గ్లాసులో పోసి, అరచేత్తో మూసి, ముక్కు దూర్చి, గట్టిగా జుర్రాడు. సీసా మీది ఇటలీ కొండ బొమ్మను ఇంకోసారి చూసి కళ్లు మూసుకున్నాడు.

"గడ్డి... టమాట ఆకు... అబ్బ! లాస్ట్‌కు జర పులుపు గూడ తగుల్తుంది బావ. అసలు సరుకంటే గిది. బాగుంది చెల్లె!"

అరుణజ్యోతి కళ్లు తుడుచుకుంది. అమ్మ నా వైపు చూసి తల ఎగరేసింది.

అక్కడితో ఆగితే బాగుండేది. "వచ్చే ఐతారం మా కోర్సు సార్‌ను తోల్కొస్త. గీ సీసానే ఉంచు చెల్లె, ముట్టకు" అని చెప్పి మరీ వెళ్లాడు. ఆ సారుకు సర్టిఫికెట్టే కాదు, ముక్కు కూడా ఉందట.

నిజం చెబితే అత్తాకోడళ్లకు యుద్ధం, పైగా ఎన్నాళ్లకో దొరికిన ఆ 'బాగుంది' కూడా పోతుంది. దాస్తే సారు చెబుతాడు. కొత్త సీసా తెచ్చి మార్చేద్దామంటే, ఎల్‌బీ నగర్‌లో రెండు గదుల ఫ్లాట్, అమ్మ కంట పడని మూల ఒక్కటీ లేదు. ఆమె అప్పుడే "సారంటే పెద్దమనిషి, ఇంకోపారి కాగబెడ్త" అంటూ మూకుడు తోముతోంది. అయ్యా, అమ్మా, మీ ఇళ్లలోనూ ఇట్లాంటి అమ్మలుంటారు కదా. కాళ్లు పట్టుకుంటాను, ఏం చేయాలో ఎవరైనా కాస్త చెప్పండి.