మంద కింద అదురు

దేవరకొండ గుట్టల్లో గడ్డి ఎండిపోగానే రామమ్మ, బీరన్న ఎప్పటిలాగే గొర్రెల్ని తోలుకుని కృష్ణ దిగువకు, సముద్రం దాపున వరి కోసిన పొలాలకు చేరారు. అక్కడి రైతొకడు ఎరువు కోసం తన చేలో మంద పెట్టుకోమన్నాడు. తీరా చూస్తే చేను నిండా వైర్లు కట్టిన మేకులు!

ముందుగా మేకు పాతిన వాళ్ల మందదే ఆ జాగా. అది కాపరుల కట్టుబాటు. మాటిచ్చిన చేలో ఇంకెవరో దిగారనుకుని రామమ్మకు ఒళ్లు మండింది. మేకులన్నీ పీకి గట్టు మీద కుప్ప పోసింది.

కాసేపటికి జీపు దిగిన అమ్మాయి కుప్పను చూసి తల పట్టుకుంది. "ఎవరు పీకిన్రు?"

తమ వైపు యాస వినగానే రామమ్మ కోపం సగం దిగింది. "నేనే. ఏ ఊరు బిడ్డా మీది?"

"అచ్చంపేట. నా పేరు త్రివేణి. అవ్వా, అవి మంద మేకులు కావు, భూమికి పెట్టిన చెవులు. అటు దిక్కు చిన్న బాంబు పేలుస్తం. అదురు లోపలి రాతిపొరలకు తాకి పైకొస్తే ఇవి పట్టుకుంటయి. చమురు దొరికే జాగా గట్ల ఎతుకుతం."

"గీ వరిచేను కింద చమురా?"

"యుగాల సంది కృష్ణ మన గుట్టల మట్టి తెచ్చి ఈడ పోస్తాంది. సముద్రంల చచ్చిన సన్న జీవాలు ఆ మట్టిల కూరుకొని, లోపలి వేడికి ఉడికి చమురైతయి. ఉండొచ్చు, ఉండకపోవచ్చు."

"మన మట్టి మనకన్న ముందే వలసొచ్చిందన్నట్టు" అని బీరన్న నవ్వాడు.

త్రివేణి నవ్వలేదు. "మేకులు మళ్ల పాతుతం. మందను దూరం తోలున్రి. గిట్టల చప్పుడు కలిస్తే పనంతా ఖరాబైతది. మా సార్ మిమ్ముల ఈడ ఉండనియ్యడు."

రామమ్మ తడక లోపలున్న గొర్రెపిల్లల్ని చూపించింది. "కొన్ని గొర్రెలు ఇయ్యాల తెల్లారే ఈనినయి బిడ్డా. నడిపిస్తె పిల్లలు దక్కయి. కదలకుంట నేను నిలబెడ్త. జర నమ్ము."

త్రివేణి తటపటాయించి, సరేనంది.

మిగతా మందను బీరన్న దూరంగా తోలుకుపోయాడు. రామమ్మ పిల్లల్ని తడక లోపలే ఉంచి, మేకులు పాతడం అయ్యాక తడక తీసింది. ఒక్కొక్కటి తల్లిని వెతుక్కుని పొదుగు పట్టింది. పిల్ల తోక వాసన చూస్తూ తల్లులు నిలబడిపోయాయి. చప్పుడంతా అణిగాక, ఇక పేల్చమన్నట్టు రామమ్మ చెయ్యెత్తింది.

కాళ్ల కింద నేల సన్నగా అదిరింది. గొర్రెల చెవులు కదిలాయి, గిట్టలు కదల్లేదు.

"దొరికిందవ్వా!" జీపులోంచి త్రివేణి కేక.

"చమురా?"

"అదురు! చమురు సంగతి తేలాలంటే ఏండ్లు పడ్తది."

"పడనియ్. ఏటేటా వస్తనే ఉంటం, అడుగుతనే ఉంట."

పొద్దుగూకేసరికి త్రివేణి మేకులన్నీ తీయించుకుపోయింది. ఖాళీ అయిన చేలో రామమ్మ తన మేకు పాతింది.