బక్క పహిల్వాన్లు

కంపోజిటర్ ఏడో కాగితానికి అక్షరాలు పేరుస్తున్నాడు. అరచెయ్యంత పొడవున్న చెక్క అక్షరాలు. గీతలు దుక్కల్లా లావు, అయినా పక్కల నుంచి నొక్కినట్టు ఇరుకు. ప్రతి గీత కొసకూ నిలదొక్కుకోవడానికన్నట్టు చిన్న పాదం. ప్రెస్సులో వాటిని బక్క పహిల్వాన్లంటారు. సర్కస్ వచ్చిందనీ, ఎన్నికలనీ, ఫలానావారు కాలం చేశారనీ నలభై ఏళ్లుగా వాటితో గోడల మీద కేకలు పెట్టించాడు. ఎంత పొడవాటి మాటైనా వాటితో ఒకే వరసలో ఇమిడిపోతుంది.

ఈరోజు మాత్రం వాటితో ఒక ఉత్తరం అచ్చు వేస్తున్నాడు.

భార్యకు చూపు మందగించింది. సన్న అక్షరం ఆమెకు ఆనదు. వెడల్పు అక్షరమైతే కాగితానికి రెండు మాటలే పడతాయి. ఈ పహిల్వాన్లయితేనే ఆమె కళ్లకు దొరుకుతాయి. పన్నెండేళ్ల కిందట తల్లి మంచాన పడితే చెల్లెలికి కబురు పెట్టడంలో ఆమె ఒక రోజు తాత్సారం చేసింది. చెల్లెలికి తల్లి చివరిచూపు దక్కలేదు. అప్పట్నుంచి ఇద్దరికీ మాటల్లేవు. నెల కిందట గుండెనొప్పి వచ్చి తగ్గాక, తనను క్షమించమని భర్త చేత ఉత్తరం రాయించింది. నిన్న జవాబు వచ్చింది. చదివిపెడతానంటే వద్దంది.

"దాని మాట ఇంకొకరి గొంతులో వినలేనండీ. నేనే చదువుకుంటా."

ఆ జవాబును పేరుస్తూ అతను ఒక్క ముక్కా చదవలేదు. ఆమె మాట కోసమే కాదు, చేతి అలవాటే అంత. అక్షరం వెనక అక్షరం తలకిందులుగా పేర్చుకుపోతాడే గానీ అర్థం జోలికి పోడు. తన తండ్రి మరణ ప్రకటన కూడా అలాగే పేర్చాడు. గోడ మీద చూసినప్పుడు గానీ ఏడుపు రాలేదు.

పదకొండు కాగితాలయ్యేసరికి సాయంత్రమైంది. సిరా ఆరేదాకా ఆగమని మెషీన్‌మన్ చెప్పినా వినలేదు. మధ్య మధ్య పాత కాగితాలు పెట్టుకుని, చంటిబిడ్డను ఎత్తుకున్నట్టు ఇంటికి తెచ్చాడు.

ఆమె కిటికీ దగ్గర కుర్చీలో ఉంది. ఎవరో వస్తున్నట్టు తల దువ్వుకుంది.

"మీరు కాసేపు బయట కూర్చోండి. మీరుంటే ఏడవలేను."

గుమ్మం మెట్టు మీద కూర్చున్నాడు. లోపల కాగితాలు తిరగేస్తున్న చప్పుడు. ఒకసారి ఆమె నవ్వింది. ఎన్నాళ్లకో విన్న ఆ నవ్వుకు అతని ప్రాణం కుదుటపడింది. తర్వాత చప్పుడు లేదు. ఏడుస్తోందేమో, ఏడవనీ అనుకున్నాడు. వెలుగు తగ్గాక లైటు వేద్దామని లోపలికి వెళ్లాడు.

ఆమె తల కుర్చీకి ఆని ఉంది. చెయ్యి చల్లబడింది. చూపుడువేలు నల్లగా ఉంది.

పిలిచాడు. మళ్లీ పిలిచాడు. కాళ్ల దగ్గర కూలబడి, ఆమె ఒళ్లో తల పెట్టి ఏడ్చాడు. చాలాసేపటికి కాగితాలు చూశాడు. వరస తప్పకుండా ఉండాలని వేలు ఆనించి చదువుకున్నట్టుంది, ప్రతి వరస కిందా సిరా చార. తొమ్మిదో కాగితం సగంలో చార ఆగిపోయింది. మిగిలిన రెండూ అతనే చదివాడు.

"అక్కా, నీ కబురు అమ్మ పోకముందే అందింది. ఆలస్యంగా చెప్పావన్న కోపంతో నేనే రాలేదు. ఇన్నేళ్లూ తప్పు నీ మీదే వేశాను. నువ్వే నన్ను క్షమించు."

పేర్చేటప్పుడు ఒక్కసారి చదివి ఉంటే, ముందు వీటినే ఆమె చేతికిచ్చేవాడు.

చివరి కాగితం మీద సిరా ఇంకా పచ్చిగానే ఉంది, ఒక్క చార కూడా లేదు.